చేను సొంతమే.. నిప్పుకు ఎవరి అనుమతి?

* పంట వ్యర్థాల దహనంపై కొరవడిన స్పష్టత
* బోరుకు, చెట్టుకు ఉన్న నిబంధన మంటకు లేదు
* నష్టపోతున్నది పక్క రైతు, గీత కార్మికుడు

కట్టంగూర్: చేను తనది. పండించిన పంట తనది. కోత యంత్రం వెళ్లిపోయాక మిగిలిన కొయ్యకాలూ తనదే. దానికి నిప్పు పెట్టాలంటే ఎవరినైనా అడగాలా? యాసంగి వరి కోతలు ముగిసే వేళ నల్లగొండ జిల్లా పల్లెల్లో ఏటా తలెత్తే ప్రశ్న ఇది. అడగాల్సిన అవసరం రైతుకు కనిపించదు. అడుగుదామనుకున్నా ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియదు. ఫలితంగా నిప్పు పెట్టే నిర్ణయం ఒక్కరిదే అవుతోంది. దాని పర్యవసానం మాత్రం చుట్టుపక్కల వారందరిదీ అవుతోంది.

హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని విస్తరించిన కట్టంగూర్ మండలంలో ఈ సమస్యకు ఉన్న అన్ని పార్శ్వాలూ కనిపిస్తాయి. వరి మళ్లు, వాటి గట్ల మీద తాటిచెట్లు, నడుమ నిమ్మ, బత్తాయి తోటలు, బోరుబావుల వద్ద స్టార్టర్ డబ్బాలు, పొలాల మీదుగా సాగే విద్యుత్తు తీగలు, ఆ పక్కనే రాత్రింబవళ్లు వాహనాలు పరుగులు తీసే రహదారి. వేసవి గాలికి ఒక మడిలో రాజుకున్న మంట వీటిలో దేనినైనా చేరేందుకు ఎంతో సమయం పట్టదు.

కొయ్యకాలు భారమైన వేళ

ఒక తరం కిందట ఈ మెట్ట ప్రాంతంలో జొన్న, కంది, ఆముదం వంటి వర్షాధార పంటలదే పైచేయి. చెరువు కింద, బావి కింద పండే కొద్దిపాటి వరిని కొడవలితో నేలకు దగ్గరగా కోసేవారు. గడ్డిని వాము వేసి ఏడాది పొడవునా పశువులకు మేపేవారు. పొలంలో మిగిలేది పిడికెడు మోడు మాత్రమే. దానినీ గొర్రెలు, మేకలు మేసేవి. తగలబెట్టేందుకు అక్కడ ఏమీ ఉండేది కాదు.

బోరుబావులు, కృష్ణా జలాలు, 2018 జనవరి 1న మొదలైన 24 గంటల వ్యవసాయ విద్యుత్తు.. ఇవన్నీ కలిసి జిల్లా స్వరూపాన్నే మార్చివేశాయి. వరి సాగు విస్తీర్ణం అనూహ్యంగా పెరిగింది. కూలీల కొరత కారణంగా కోత పనిని హార్వెస్టర్లు చేపట్టాయి. ఎడ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. కోత యంత్రం గింజను తీసుకుని పొడవాటి మోళ్లను నిలబెట్టి వెళుతుంది. గడ్డిని చాళ్లుగా వెదజల్లుతుంది. మేపేందుకు పశువులు లేని ఇంట్లో ఆ గడ్డి ఆస్తి కాదు, భారం. దున్నబోతే నాగలి కర్రులకు, రోటవేటర్ పళ్లకు చుట్టుకుంటుంది. తొలగించాలంటే కూలీ, యంత్రం అద్దె భరించాలి. అగ్గిపుల్లకు మాత్రం ఖర్చు లేదు. నిప్పు పెట్టడం వెనుక ఉన్నది రైతు నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఖర్చుల లెక్క కూడా.

పంజాబ్ కారణం ఇక్కడ చెల్లదు

పంట వ్యర్థాల దహనం అనగానే పంజాబ్, హర్యానా, ఢిల్లీ పొగ గుర్తుకు వస్తాయి. అక్కడ వరి కోతకు, గోధుమ విత్తుకు నడుమ రెండు, మూడు వారాలకు మించి గడువు ఉండదు. ఆ తొందరే మంటకు మూలం. నల్లగొండ జిల్లా పరిస్థితి అందుకు భిన్నం. వానాకాలం వరి కోతలు సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగితే యాసంగి నాట్లు డిసెంబరు, జనవరిలో పడతాయి. ఆ నడుమ కొంత వ్యవధి ఉంటుంది. మడిలో తడి కూడా ఉంటుంది కనుక దమ్ములో మోళ్లను కలియదున్నేందుకు వీలుంది.

యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తాయి. తిరిగి వానాకాలం నారుమడులకు జూన్ రావాలి. అంటే దాదాపు నెల నుంచి రెండు నెలల వ్యవధి. కాలం రైతును తరమడం లేదు. అయినా మంటలు ఎక్కువగా కనిపించేది ఈ రోజుల్లోనే. ఎండకు గడ్డి పెళపెళలాడుతుంది. నేలలో తడి ఉండదు కనుక కొయ్యకాలు కుళ్లదు. దున్నేందుకు తొలకరి వరకు ఆగాలి. అంతవరకు ఆగే బదులు ఒక్క సాయంత్రంలో పని ముగించుకోవడం సులువనిపిస్తుంది. అవసరం తక్కువగా ఉన్న కాలంలోనే ప్రమాదం అత్యధికంగా ఉండటం ఇక్కడి విషాదం. ఢిల్లీ పొగను దృష్టిలో ఉంచుకుని రూపొందిన పరిష్కారాలు ఇక్కడ యథాతథంగా నప్పకపోవడానికి ఇదే కారణం.

బూడిదయ్యేది ఎంత?

ఒక టన్ను వరిగడ్డిని కాల్చితే సుమారు 5.5 కిలోల నత్రజని, 400 కిలోల సేంద్రియ కర్బనం నష్టపోతామని వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. భాస్వరం, పొటాష్‌లలో కొంత బూడిద రూపంలో మిగిలినా గాలికి ఎగిరిపోయేది తక్కువేమీ కాదు. ఎకరానికి రెండు టన్నుల గడ్డి లెక్కన చూసినా 11 కిలోల నత్రజని గాలిలో కలుస్తుంది. అది సుమారు 24 కిలోల యూరియాతో సమానం. అంటే 45 కిలోల యూరియా బస్తాలో సగానికి పైగా. యూరియా కోసం దుకాణాల ముందు పాసుపుస్తకాలు పట్టుకుని బారులు తీరే సీజన్లను చూసిన జిల్లాకు ఈ లెక్క తెలియనిది కాదు. పైగా సేంద్రియ పదార్థం మొదటి నుంచీ తక్కువగా ఉండే ఎర్ర చెల్క నేలల్లో కర్బనం నష్టం మరింత తీవ్రమైనది. నేల పైపొరలోని సూక్ష్మజీవులు, వానపాములు సైతం వేడికి నశిస్తాయి.

టన్ను గడ్డి దహనంతో మూడు కిలోల సూక్ష్మ ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయన్నది మరో అంచనా. ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు ఉన్నవారికి, పసిపిల్లలకు ఈ పొగ నేరుగా హాని చేస్తుంది.

చట్టం ఏమంటోంది?

సొంత స్థలంలో కాల్చుకునే హక్కు పరిపూర్ణమైనదన్న అభిప్రాయం సరికాదు. అయితే చట్టం అన్ని మంటలనూ ఒకే గాటన కట్టలేదు. చెత్త విషయంలో స్పష్టత ఉంది. ఆల్మిత్రా పటేల్ కేసులో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరు 22న వ్యర్థాల బహిరంగ దహనాన్ని దేశవ్యాప్తంగా పూర్తిగా నిషేధించింది. సాధారణ దహనానికి రూ.5 వేలు, భారీ ఎత్తున కాల్చితే రూ.25 వేలు పర్యావరణ పరిహారంగా నిర్దేశించింది. ఇంటి వెనుక ఖాళీ స్థలంలోనో, కొనుగోలు చేసిన ప్లాటులోనో ప్లాస్టిక్, టైర్లు, చెత్త కాల్చేందుకు అనుమతి కోరడంలో అర్థం లేదు. ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. పల్లె ప్రగతి కింద 2019 నుంచి గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు సమకూర్చింది ఈ చెత్తను తరలించేందుకే.

పంట వ్యర్థాల విషయంలోనే సందిగ్ధత. 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టంలోని 19(5) సెక్షన్ ప్రకారం, కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించి, వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట ఇంధనం కాని పదార్థాల దహనాన్ని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిషేధించవచ్చు. నిషేధించే అధికారమే తప్ప, ఫలానా రోజు ఫలానా పొలంలో కాల్చుకోమని రైతుకు పత్రం ఇచ్చే విధానం అందులో లేదు.

మంట అదుపు తప్పితే మాత్రం పోలీసు చట్టం వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 287వ సెక్షన్, ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా నిప్పు విషయంలో నిర్లక్ష్యంగా వ్యవహరిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించేందుకు వీలు కల్పిస్తోంది. గాలిని ఆరోగ్యానికి హానికరంగా మార్చడం 280వ సెక్షన్ కింద నేరం. దానికి గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు. పొగతో ఇబ్బంది పడేవారు ఉపద్రవ నివారణకు కార్యనిర్వాహక మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. కానీ ఇవన్నీ నష్టం జరిగాకో, ఫిర్యాదు అందాకో కదిలే చట్టాలు. నిప్పు పెట్టకముందు రైతును ఆపి ఆలోచింపజేసే ఏర్పాటు ఏదీ వీటిలో లేదు.

జరిమానా అక్కడిది.. రాయితీ కూడా అక్కడిదే

పంట వ్యర్థాలు కాల్చితే ఎకరాల లెక్కన జరిమానా పడుతుందన్న మాట గ్రామాల్లో తరచూ వినిపిస్తుంటుంది. దీని మూలం 2015 డిసెంబరు 10 నాటి హరిత ట్రైబ్యునల్ ఉత్తర్వు. రెండెకరాల లోపు రైతుకు రూ.2,500, అయిదెకరాల వరకు రూ.5 వేలు, ఆపైన రూ.15 వేలు అందులో నిర్ణయించారు. ఆ ఉత్తర్వు ఢిల్లీ, పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లను ఉద్దేశించినది. 2024 నవంబరులో కేంద్రం ఈ మొత్తాలను రూ.5 వేలు, రూ.10 వేలు, రూ.30 వేలకు పెంచింది. ఆ పెంపు సైతం దేశ రాజధాని ప్రాంతం, దాని పరిసరాల వాయు నాణ్యత కమిషన్ పరిధికే పరిమితం. ఆ కమిషన్‌ను ఏర్పాటు చేసిన 2021 చట్టం రైతులను జైలు శిక్ష నుంచి మినహాయించి పరిహారం వసూలుకే పరిమితం చేసిందన్నది గమనార్హం.

మరో ముఖ్య విషయం ఉంది. అక్కడ జరిమానాతో పాటు యంత్రాలూ వచ్చాయి. 2018లో కేంద్రం ప్రారంభించిన పంట వ్యర్థాల నిర్వహణ పథకం పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీల కోసం రూపొందింది. వ్యక్తిగత రైతులకు 50 శాతం, అద్దె యంత్రాల కేంద్రాలకు 80 శాతం రాయితీ ఇచ్చింది. అంత చేసినా అక్కడ మంటలు పూర్తిగా ఆగలేదు. ఆ స్థాయి రాయితీ అందని నల్లగొండ రైతును జరిమానా మాటతో మాత్రమే బెదిరించడం ఎంతవరకు సబబన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది.

బోరుకు ఉంది.. మంటకు లేదు

సొంత భూమిలో చేసే పనికి ప్రభుత్వ అనుమతి అన్న భావన తెలంగాణ రైతుకు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం.. వాడుకలో వాల్టా.. ఇందుకు నిదర్శనం. దాని ప్రకారం సొంత చేలో బోరు వేయాలన్నా, మినహాయించిన కొన్ని జాతులు తప్ప సొంత గట్టు మీది చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. ఒకరి బోరు పక్కవాని బావిని ఎండగడుతుంది కనుక, ఒకరి చెట్టు ఊరందరికీ నీడ కనుక ఆ నిబంధన. ఇదే తర్కం మంటకూ వర్తించాలి. గొడ్డలితో ఒక చెట్టు కొట్టేందుకు కాగితం అడిగే వ్యవస్థ, గట్టు పొడవునా ఉన్న చెట్లన్నింటినీ మాడ్చివేయగల నిప్పు విషయంలో మౌనంగా ఉండటం వైచిత్రి.

తహసీల్దారు, మండల వ్యవసాయాధికారి, పంచాయతీ కార్యదర్శి.. మండలంలో రైతుకు అందుబాటులో ఉండే అధికారులు వీరే. కొయ్యకాలు కాల్చవద్దని చెప్పడం వీరి ప్రచారంలో ఉంది. కాల్చేందుకు దరఖాస్తు స్వీకరించడం, గాలివాటం చూసి వాయిదా వేయమనడం, పక్క రైతుకు సమాచారం అందేలా చూడటం ఎవరి విధుల్లోనూ లేవు. ఎవరికీ చెప్పనవసరం లేని పనిని రైతు ఎవరూ చూడని వేళ, అంటే పొద్దుగూకాక చేస్తున్నాడు. చీకట్లో మంట ఎటు పాకుతున్నదీ తెలియదు, ఆర్పేందుకు మనుషులూ ఉండరు.

అనుమతి ఉన్నచోట ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ వ్యవహారం పరిచితమే. మసాచుసెట్స్ రాష్ట్రంలో సొంత స్థలంలోని కొమ్మలు, తుప్పలు కాల్చాలంటే స్థానిక అగ్నిమాపక అధికారి అనుమతి తప్పనిసరి. అదీ జనవరి 15 నుంచి మే 1 వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 4 గంటల నడుమ మాత్రమే. మంట ఏ నివాసానికైనా 75 అడుగుల దూరంలో ఉండాలి. గాలి తీవ్రంగా ఉన్న రోజున అనుమతులు నిలిపివేస్తారు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న అట్లాంటా నగరం గల జార్జియాలో పద్ధతి వేరు. అక్కడ చేతితో పోగుచేసిన ఆకులు, కొమ్మల దహనానికి 2021 జులై నుంచి ముందస్తు అనుమతి ఎత్తివేసి, దూరం, సమయం, కాపలా వంటి షరతులు విధించారు. అయినా అట్లాంటా సహా 54 కౌంటీల్లో మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు బహిరంగ దహనంపై నిషేధం కొనసాగుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో కార్చిచ్చు ముప్పున్న నెలల్లో అనుమతి పత్రం ఉచితంగా ఇస్తారు. ఇంగ్లండ్ మాత్రం 1993లో పంట వ్యర్థాల దహనాన్ని కొద్దిపాటి మినహాయింపులతో నిషేధించింది.

ఈ విధానాల్లో తేడాలున్నా ఒక సూత్రం ఉమ్మడిగా కనిపిస్తుంది. నేల ఎవరిదన్నది అక్కడ ప్రశ్న కాదు. ఏ కాలంలో, ఏ గంటలో, ఎంత దూరంలో, ఎవరి కాపలాలో అన్నదే ప్రశ్న. అనుమతి అంటే కాగితం కాదు, నిప్పుకు ఒక బాధ్యుడిని నిలపడం.

నష్టం ఎవరిది?

పొలం గట్టు మీది తాటిచెట్టు భూమి యజమాని కంటే గీత కార్మికునికి ఎక్కువ ఆధారం. తాటిచెట్టు కల్లు పారే దశకు చేరేందుకు పదిహేనేళ్లకు పైగా పడుతుంది. కొయ్యకాలు మంట మొవ్వను తాకితే ఆ కాలమంతా ఒక్క పూటలో బుగ్గి. నాటిన మర్నాటి నుంచే ఫలం ఇచ్చే చెట్టు కాదు కనుక పరిహారంగా కొత్త మొక్క ఇచ్చినా ఆ కార్మికుని బతుకుకు అది అక్కరకు రాదు. నకిరేకల్ నిమ్మ మార్కెట్‌ను నమ్ముకున్న తోట రైతుదీ ఇదే పరిస్థితి. డ్రిప్ పైపులు, స్టార్టర్లు, కేబుళ్లు కాలిపోతే సాగు ఆ సీజన్‌కు ఆగినట్టే.

మంట పక్క చేనును అంటుకోకుండా ఆర్పబోయి, పొగలో ఊపిరాడక వృద్ధ రైతులు ప్రాణాలు కోల్పోయిన ఘటనలు తెలంగాణ జిల్లాల్లో వేసవి వచ్చిన ప్రతిసారీ వార్తల్లోకి ఎక్కుతూనే ఉన్నాయి. తన చేనుకు తాను పెట్టుకున్న నిప్పే తన ప్రాణం తీసిన సందర్భాలవి. రహదారి మీదికి పొగ కమ్మితే ముందు వాహనం కనిపించక జరిగే ప్రమాదం మరో ముప్పు.

ముందున్న దారి

నిషేధం ఒక్కటే చాలదు. మౌనం అసలే పనికిరాదు. కొయ్యకాలును నేలలోనే కలిపే మార్గానికి మొదటి స్థానం దక్కాలి. వానాకాలం కోతల తర్వాత ఎకరానికి ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి నీటితో కలియదున్నితే మోళ్లు త్వరగా కుళ్లుతాయని వ్యవసాయాధికారులు సూచిస్తున్నారు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా డీకంపోజర్ సైతం అందుబాటులో ఉంది. తడి ఉన్నచోటే ఇవి పనిచేస్తాయి. వేసవిలో గడ్డిని కట్టలు చుట్టే బేలర్లదే ప్రధాన పాత్ర. ఒక్కో రైతు కొనలేని ఈ యంత్రాలను ప్రాథమిక సహకార సంఘాలు, మహిళా సమాఖ్యల ద్వారా అద్దెకు ఇస్తే గడ్డి తిరిగి మేతగా, ఆదాయంగా మారుతుంది.

అప్పటికీ మిగిలే మంటలకు గ్రామస్థాయిలో ఒక కట్టుబాటు అవసరం. దానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర లేదు. 2025 డిసెంబరు ఎన్నికలతో పంచాయతీలకు తిరిగి పాలకవర్గాలు వచ్చాయి. గ్రామసభలో తీర్మానం చేసుకునే వీలుంది. నిప్పు పెట్టే ముందు రోజు పంచాయతీకి, సరిహద్దు రైతులకు, గట్టు మీద చెట్లున్న గీత కార్మికులకు సమాచారం ఇవ్వడం, గట్టు వెంబడి కొన్ని అడుగుల మేర గడ్డి తొలగించి దున్నడం, తాటి మొదళ్లను శుభ్రం చేయడం, మోటారు నీరు సిద్ధంగా ఉంచుకోవడం, గాలి వీచే వేళ, చీకటి పడ్డాక కాల్చకపోవడం, మంట పూర్తిగా ఆరేవరకు కనీసం ఇద్దరు కాపలా ఉండటం. రహదారి, తోటలు, ఇళ్ల పక్కన ఉన్న చేలల్లో దహనాన్ని పూర్తిగా మానుకోవడం. ఇవే తొలి షరతులు కావాలి. 2020లో రాష్ట్రవ్యాప్తంగా 2,601 రైతు వేదికలు నిర్మించారు. ఈ విషయాలు చర్చించేందుకు అంతకు మించిన చోటు లేదు.

అనుమతి పేరిట మరో కార్యాలయం, మరో సంతకం, మరో చేతివాటం తలెత్తుతాయన్న భయం నిరాధారమైనది కాదు. వాల్టా అమలులోని అనుభవాలే అందుకు కారణం. అనుమతి ఇస్తే కాలుష్యానికి ఆమోదముద్ర వేసినట్టవుతుందన్న పర్యావరణవాదుల అభ్యంతరమూ తోసిపుచ్చదగినది కాదు. అందుకే సమాచారం ఇవ్వడం ఉచితంగా, నోటిమాటగా, ఊళ్లోనే జరగాలి. ఏటా ఎన్ని ఎకరాలు కాలిందీ పంచాయతీ పుస్తకంలో నమోదు కావాలి. ఆ అంకె ఏటికేడు తగ్గితేనే కట్టుబాటు ఫలించినట్టు. తగ్గకపోతే బేలర్లు ఏ ఊరికి ముందు పంపాలో అధికారులకు ఆ పుస్తకమే చెబుతుంది.

గట్టు తగాదా వస్తే పెద్దమనుషులను పిలిచి హద్దురాళ్లు చూపించుకునే సంప్రదాయం పల్లెలకు ఉంది. నిప్పు హద్దురాయిని చూసి ఆగదు. పక్క చేను వానికి ఒక మాట చెప్పి పుల్ల గీయడం చట్టం రాకముందే అలవాటు చేసుకోవలసిన మర్యాద. ఈ యాసంగి కోతలకైనా అది మొదలైతే గట్టు మీది తాటిచెట్టు నిలుస్తుంది, దాన్ని నమ్ముకున్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.